శుక్రకణాల లెక్క: ముప్పై ఏళ్లు దాటినా తెగని తగవు

1992 సెప్టెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఐదు పేజీల వ్యాసం ఒకటి వచ్చింది. రాసినవారు డెన్మార్క్ పరిశోధకులు ఎలిజబెత్ కార్ల్‌సెన్, నీల్స్ స్కాకెబెక్, వారి సహచరులు. 1938 నుంచి 1991 దాకా అచ్చయిన 61 అధ్యయనాలను, వాటిలోని 14,947 మంది పురుషుల వీర్య పరీక్షలను వారు ఒకచోట చేర్చారు. 1940లో మిల్లీలీటరు వీర్యానికి సగటున 11.3 కోట్లున్న శుక్రకణాలు 1990 నాటికి 6.6 కోట్లకు దిగాయని తేల్చారు. వీర్యం పరిమాణం కూడా 3.4 మిల్లీలీటర్ల నుంచి 2.75కు తగ్గిందన్నారు.

తగవు అక్కడ మొదలైంది. 2022లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన హగై లెవిన్ బృందం ఈ తగ్గుదల ప్రపంచమంతటా ఉందని, 2000 తర్వాత దాని వేగం రెట్టింపు దాటిందని చెప్పింది. 2025లో క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు 1970 నుంచి 2023 దాకా అమెరికా పురుషుల లెక్కలు తిరగేసి, చెప్పుకోదగ్గ తగ్గుదల ఏదీ కనబడలేదన్నారు. ఇద్దరిదీ ఒకే తరహా పని: పాత అధ్యయనాలను పోగేసి సగటు తీయడం. ఇద్దరి వ్యాసాలూ నిపుణులు పరిశీలించాకే అచ్చయ్యాయి. మన పత్రికల్లో మాత్రం మొదటి రకం వార్తే పెద్ద అక్షరాల్లో వస్తుంది. దాని పక్కనే ఏదో ఒక లేహ్యం ప్రకటన కూడా.

ఇన్నేళ్లుగా ఇది తెగకపోవడానికి ఒక కారణం, మూడు వేర్వేరు ప్రశ్నలను కలిపి వాదించడం. శుక్రకణాలు నిజంగా తగ్గాయా? తగ్గితే దేనివల్ల? తగ్గినంత మాత్రాన పిల్లలు పుట్టడం కష్టమవుతుందా? మొదటిదానికి జవాబు దొరికిందనుకున్నవారు మిగతా రెంటికీ దొరికినట్టే మాట్లాడుతున్నారు. మొదటిదాన్ని కాదన్నవారు మిగతా రెండూ అడగక్కర్లేదన్నట్టు ఉంటున్నారు.

కొలుస్తున్నది దేన్ని?

పరీక్ష రిపోర్టులోని ఒక్క అంకె వెనుక పెద్ద యంత్రాంగమే ఉంది. వృషణాలు శరీరం బయట సంచిలో ఉండటానికి కారణం వేడి. శుక్రకణాల తయారీకి శరీర ఉష్ణోగ్రత కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ కావాలి. లోపలికి వెళ్లే ధమని చుట్టూ సిరలు అల్లుకుని ఉంటాయి. పైనుంచి వచ్చే వెచ్చటి రక్తం ఆ సిరల్లోని చల్లటి రక్తానికి వేడిని ఇచ్చేసి, తాను చల్లబడి వృషణంలోకి చేరుతుంది. ఈ సిరలే ఉబ్బితే దాన్ని వేరికోసిల్ అంటారు. ఎక్కువగా ఎడమవైపు వస్తుంది. మామూలు పురుషుల్లో దాదాపు 15 శాతానికి, సంతానం కలగక వైద్యుల దగ్గరికి వెళ్లేవారిలో మూడోవంతుకు పైగా ఇది కనిపిస్తుంది.

వృషణం లోపల సన్నటి నాళికలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. వాటి గోడల్లో రెండు రకాల కణాలు ఈ కథకు ముఖ్యం. శుక్రకణాలుగా మారబోయే మూలకణాలు ఒక రకం. వాటిని పొదివిపట్టుకుని పోషించే సెర్టోలి కణాలు రెండో రకం. 1865లో వీటిని వర్ణించిన ఇటలీ శాస్త్రవేత్త ఎన్రికో సెర్టోలి పేరే వాటికి స్థిరపడింది. ఒక్కో సెర్టోలి కణం కొన్ని శుక్రకణాలనే సాకగలదు. పైగా ఈ సెర్టోలి కణాల సంఖ్య తల్లి గర్భంలోనూ, పుట్టిన తొలి నెలల్లోనూ, యుక్తవయసు వచ్చేలోపూ దాదాపు ఖరారైపోతుంది. ఒక మగవాడు జీవితకాలంలో రోజుకు ఎన్ని శుక్రకణాలు తయారుచేయగలడన్న గరిష్ఠ పరిమితి అతనికి మీసం రాకముందే నిర్ణయమైపోతుందన్నమాట. తర్వాత చర్చించబోయే ప్రధాన వాదం మొత్తం ఈ ఒక్క విషయం మీదే నిలబడింది.

నాళికల మధ్య ఖాళీల్లో ఉండే లైడిగ్ కణాలు టెస్టోస్టెరాన్‌ను తయారుచేస్తాయి. వీటన్నిటికీ ఆజ్ఞలు మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి నుంచి వస్తాయి. రక్తంలో టెస్టోస్టెరాన్ చాలినంత ఉందని తెలిస్తే ఆ గ్రంథి ఆజ్ఞలు తగ్గించేస్తుంది. కండల కోసం జిమ్‌లో బయటి టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వేయించుకునేవారికి వీర్యంలో శుక్రకణాలు పూర్తిగా మాయమయ్యేది ఇందువల్లే. మగతనం పెంచుతుందని నమ్మి వేయించుకున్న మందు సంతానానికి అడ్డుపడుతుంది. మానేస్తే చాలామందిలో ఉత్పత్తి తిరిగి మొదలవుతుంది కానీ నెలలు పడుతుంది.

మూలకణం శుక్రకణంగా మారడానికి రెండు నెలలకు పైగా, 74 రోజులని సాధారణంగా చెప్పే వ్యవధి కావాలి. ఆ తర్వాత వృషణం వెనుక అంటుకుని ఉండే ఎపిడిడిమిస్‌లో, విప్పితే ఆరు మీటర్ల పొడవుండే ఒకే ఒక్క నాళంలో, అది ఈదడం నేర్చుకుంటుంది. అంటే ఈరోజు పరీక్షలో కనిపించేది దాదాపు మూడు నెలల కిందటి ఆరోగ్యం. అప్పుడు టైఫాయిడో డెంగీయో వచ్చి ఉంటే దాని ఛాయ ఈ రిపోర్టులో పడుతుంది.

ఇక వీర్యంలో శుక్రకణాల వాటా ఐదు శాతానికి మించదు. మూడింట రెండొంతులు శుక్రాశయాల నుంచి వచ్చే, ఫ్రక్టోజ్ చక్కెర కలిసిన ద్రవం. మిగతా ఎక్కువ భాగం ప్రొస్టేట్ గ్రంథిది. ద్రవం ఎక్కువైతే సాంద్రత, అంటే మిల్లీలీటరుకు ఉండే శుక్రకణాల సంఖ్య, తగ్గుతుంది, ద్రవం తక్కువైతే పెరుగుతుంది. వృషణాల పనితనం ఒకటే అయినా అంకె మారవచ్చు. ఈ కారణంగానే జాగ్రత్తపరులైన పరిశోధకులు సాంద్రతతో పాటు మొత్తం సంఖ్యనూ చూస్తారు. వార్తల్లో ఆ తేడా కనిపించదు.

పాత తగవుకు కొత్త రూపం

తగ్గుదల మాట 1992లో పుట్టింది కాదు. 1951లో న్యూయార్క్‌లో జాన్ మెక్లియడ్, రూత్ గోల్డ్ భార్యలు గర్భవతులైన వెయ్యిమంది పురుషులను పరీక్షించి సగటున 10.7 కోట్లు చూపారు. 1974లో అయోవా రాష్ట్రంలో నెల్సన్, బంజ్ అనే వైద్యులు వాసెక్టమీకి వచ్చిన పురుషుల్లో 4.8 కోట్లే చూసి, ఏదో జరుగుతోందన్నారు. 1979లో మెక్లియడ్ తన ప్రయోగశాల లెక్కలే మళ్లీ తీసి అలాంటిదేమీ లేదని జవాబిచ్చాడు. అప్పటికి అది నిపుణుల మధ్య చిన్న వాదనే. కార్ల్‌సెన్ వ్యాసం దాన్ని జనంలోకి తెచ్చింది.

ఆ వ్యాసం మీద తొలి దెబ్బ భూగోళం వైపు నుంచి పడింది. 1996లో హ్యారీ ఫిష్ అనే న్యూయార్క్ వైద్యుడు అమెరికాలో మూడు చోట్లున్న వీర్య బ్యాంకుల్లో వాసెక్టమీకి ముందు నమూనాలు దాచుకున్న 1,283 మంది లెక్కలు తీశాడు. పాతికేళ్లలో తగ్గుదల లేదు. కానీ ఊరికీ ఊరికీ మధ్య తేడా దిమ్మతిరిగేలా ఉంది: న్యూయార్క్‌లో సుమారు 13 కోట్లు, మినెసోటాలో 10 కోట్లు, లాస్ ఏంజెలెస్‌లో 7 కోట్ల చిల్లర. కార్ల్‌సెన్ బృందం పోగేసిన పాత అధ్యయనాల్లో అమెరికావి, అందులోనూ న్యూయార్క్‌వి ఎక్కువ. మెక్లియడ్ వెయ్యిమంది అక్కడివారే. తర్వాతి కాలపు అధ్యయనాలు ఎక్కడెక్కడివో. ఎత్తైన ఊరి లెక్కతో మొదలుపెట్టి పల్లపు ఊళ్ల లెక్కలతో ముగిస్తే, ఏ ఒక్క ఊళ్లోనూ ఎవరూ మారకపోయినా గీత కిందికే దిగుతుంది.

ఫ్రాన్స్‌లో ఇదే విచిత్రం ఒకే దేశంలో కనిపించింది. 1973-1992 మధ్య పారిస్‌లో 1,351 మంది దాతల్లో సాంద్రత 8.9 కోట్ల నుంచి 6 కోట్లకు పడిపోయిందని 1995లో అచ్చయింది. మరుసటి ఏడు తూలూజ్ నగరం లెక్క వచ్చింది. అక్కడ తగ్గుదల లేదు. 

రెండో దెబ్బ ఇంకా సూక్ష్మమైనది. ఎంత ఉంటే 'సాధారణం' అన్న గీతనే కాలక్రమంలో కిందికి జరిపారని 1994లో బ్రిటన్ పరిశోధకులు గుర్తుచేశారు. 1940లలో మిల్లీలీటరుకు 6 కోట్లు ఉండాలనేవారు. తర్వాత అది 2 కోట్లయింది. పాత రోజుల్లో 6 కోట్ల లోపువారిని సాధారణ పురుషుల జాబితాలోంచి తప్పిస్తే ఆనాటి సగటు దానంతటదే పెరుగుతుంది. ఈ ఒక్క కారణం తగ్గుదలలో పెద్ద భాగాన్ని వివరించగలదన్నది వారి లెక్క. దీనికి 1992 నాటి రచయితల నుంచి పూర్తిగా తృప్తికరమైన జవాబు రాలేదనే చెప్పాలి.

లెక్కించే బల్ల దగ్గర

పేచీలో సగం సూక్ష్మదర్శిని కింద పుట్టిందే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతిపుస్తకం ప్రకారం రెండు నుంచి ఏడు రోజుల సంయమనం తర్వాత నమూనా ఇవ్వాలి. ఐదో రోజు ఇచ్చినవాడికీ రెండో రోజు ఇచ్చినవాడికీ అంకె ఒకటి కాదు. డబ్బాలోని వీర్యం మొదట జిగురుగా ఉంటుంది. 37 డిగ్రీల దగ్గర అరగంట అటూ ఇటుగా ఉంచితే పలచబడుతుంది. తూకం వేసి పరిమాణం తెలుసుకుంటారు. బాగా కలిపి, ద్రావణంతో పలచన చేసి, న్యూబార్ ఛాంబర్ అనే గళ్ల గాజుపలక మీద వేస్తారు. కవర్ గ్లాసుకూ గళ్లకూ మధ్య లోతు మిల్లీమీటరులో పదోవంతు. కణాలు అడుక్కి చేరేదాకా ఆగి, కనీసం 200 లెక్కపెట్టాలి. మళ్లీ రెండోవైపు మరో 200. రెండు లెక్కలూ పొసగకపోతే మొదటికి రావాలి. ఇంత చేసినా, 400 కణాలు లెక్కపెట్టినప్పుడు కేవలం యాదృచ్ఛికత వల్ల వచ్చే పొరపాటే ఐదు శాతం ఉంటుంది.

రద్దీగా ఉండే ల్యాబ్‌లో 400 లెక్కపెట్టే తీరిక ఎవరికుంది? త్వరగా పని కావాలని తెచ్చిన లోతు తక్కువ ఛాంబర్లు కొన్ని అసలుకంటే ఎక్కువ అంకెలు చూపుతాయని తర్వాత తేలింది. కంప్యూటర్ యంత్రాలు చెత్తకణాలను కూడా శుక్రకణాలుగా పొరబడిన సందర్భాలున్నాయి. 1950ల నాటి లెక్కలు ఏ పద్ధతిలో, ఎంత జాగ్రత్తగా చేశారో ఈరోజు తేల్చే దారి లేదు. షెఫీల్డ్‌లోనూ తర్వాత మాంచెస్టర్‌లోనూ పనిచేసిన అలన్ పేసీ ఈ వైపు వాదనకు ప్రధాన గొంతు. కొలత మెరుగుపడే కొద్దీ అంకె తగ్గి ఉండవచ్చని, ఆ తగ్గుదలను మగవారి ఒంటికి అంటగడుతున్నామని ఆయన వాదన.

ఎదుటి పక్షం దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. లెవిన్ బృందం 2017లో 185 అధ్యయనాలు, 42,935 మంది పురుషుల లెక్కలు తీసుకున్నప్పుడు న్యూబార్ తరహా ఛాంబర్‌తో లెక్కించినవాటికే పరిమితమైంది. వయసు, సంయమన కాలం వంటివాటిని లెక్కలో సరిచేసింది. అయినా ఉత్తర అమెరికా, యూరప్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పురుషుల్లో 1973-2011 మధ్య సాంద్రత 52 శాతం పడిపోయిందనే తేలింది: 9.9 కోట్ల నుంచి 4.7 కోట్లకు. 1992 నాటి వ్యాసంతో పోలిస్తే ఇది ఎంతో పటిష్ఠమైన పని. 2022 నాటికి 53 దేశాల 223 అధ్యయనాలతో దాన్ని విస్తరించారు. ఏడాదికి సగటున 1.16 శాతంగా ఉన్న తగ్గుదల 2000 తర్వాత 2.64 శాతానికి చేరిందన్నారు.

అయితే ఒక చిక్కు అలాగే ఉంది. ఛాంబర్ పేరు ఒకటే అయినంత మాత్రాన చేతులు ఒకటి కావు. ఇష్టపడి నమూనా ఇచ్చే మనుషులూ ఒకటి కారు. 

ఈ రెండు లోపాలనూ వీలైనంత తగ్గించిన ఒక అధ్యయనం డెన్మార్క్‌లోనే, స్కాకెబెక్ స్థాపించిన విభాగంలోనే జరిగింది. అక్కడ యువకులంతా సైనిక సేవకు ముందు వైద్య పరీక్షకు రావాలి. 1996 నుంచి వారిలో కొందరిని వీర్య పరీక్షకూ పిలుస్తూ వచ్చారు. ప్రయోగశాల ఒకటే, పద్ధతి ఒకటే. పదిహేనేళ్లలో 4,867 మంది. 2012లో ఫలితం వచ్చింది: తగ్గుదల లేదు, ఆమాటకొస్తే కొంచెం పెరుగుదల ఉంది. తగ్గుదల వాదాన్ని పుట్టించిన విభాగమే దాన్ని సమర్థించని ఫలితాన్ని దాచకుండా అచ్చువేయడం మెచ్చుకోదగ్గ విషయం. వారి వివరణ వేరు: పతనం అంతకుముందే జరిగిపోయింది, ఇప్పుడు అట్టడుగున నిలకడగా ఉన్నాం, ఈ యువకుల్లో నాలుగోవంతుకు కూడా మంచి నాణ్యత లేదు. ఆ వివరణ నిజం కావచ్చు. కానీ 1996కు ముందు అదే పద్ధతిలో లెక్క లేదు కాబట్టి రుజువు చేయడం కుదరదు.

మూడు వర్గాలు

ఇప్పుడు రంగంలో ఉన్న అభిప్రాయాలను స్థూలంగా మూడు కుప్పలు పోయవచ్చు.

స్కాకెబెక్, రిచర్డ్ షార్ప్, షన్నా స్వాన్, లెవిన్ వంటివారిది మొదటి వర్గం. తగ్గుదల నిజం, కారణం పర్యావరణం, మూలం గర్భస్థ దశలో ఉంది అని వీరి మాట. శుక్రకణాల లెక్కతోనే వీరు సరిపెట్టుకోరు. డెన్మార్క్‌లో వృషణ క్యాన్సర్ ఎక్కువ, శుక్రకణాలు తక్కువ. ఫిన్లాండ్‌లో 1990లలో క్యాన్సర్ తక్కువ, శుక్రకణాలు ఎక్కువ. వృషణాలు సంచిలోకి దిగకపోవడం, మూత్రరంధ్రం చివర కాక కింద ఉండటం వంటి పుట్టుక లోపాలు కూడా ఇవే ప్రాంతాల్లో కలిసి కనిపిస్తాయి. వీటన్నిటికీ తల్లి గర్భంలో వృషణం సరిగా ఏర్పడకపోవడమే మూలమని 2001లో స్కాకెబెక్ ప్రతిపాదించారు. సెర్టోలి కణాల సంఖ్య అప్పుడే ఖరారవుతుందన్న విషయం దీనికి ఊతం. తర్వాత ఫిన్లాండ్‌లోనూ కొత్త తరాల్లో శుక్రకణాలు తగ్గి, క్యాన్సర్ పెరగడం ఈ వర్గానికి బలమైన సాక్ష్యం. క్యాన్సర్ నమోదులో లెక్కపెట్టే చేతుల తేడా అంతగా ఉండదు కదా.

పేసీ, ఫిష్, ఇప్పుడు క్లీవ్‌లాండ్ బృందం రెండో వర్గం. కొలత, ఎంపిక, భూగోళం అనే మూడింటిని పూర్తిగా తీసేస్తే తగ్గుదల మిగులుతుందో లేదో తెలియదు అన్నది వీరి వైఖరి. వీరు తగ్గలేదని ఘంటాపథంగా చెప్పడం లేదు. రుజువు చాలలేదంటున్నారు. అయితే వీరిలో పేసీ స్వయంగా పాల్గొన్న 2024 నాటి అధ్యయనం ఒకటి ఆసక్తికరం. డెన్మార్క్ నగరాల్లో 2017-2022 మధ్య వీర్యదాతలుగా నమోదుకు వచ్చిన 6,758 మందిలో సాంద్రత మారలేదు, కానీ 2019 తర్వాత చురుగ్గా కదిలే కణాల సంఖ్య 22 శాతం దాకా పడింది. ఒక అంకె నిలకడగా ఉండగా మరో అంకె జారిపోవచ్చన్నమాట. ఇన్నేళ్లూ సంఖ్య చుట్టూ తిరిగి కదలికను పక్కనపెట్టామేమోనన్న అనుమానం సహజం.

మూడో వర్గం ప్రశ్ననే తిరగరాస్తుంది. 2021లో హార్వర్డ్‌లోని జెండర్‌సై ల్యాబ్ పరిశోధకులు, 1970ల పాశ్చాత్య పురుషుడి అంకెను మానవజాతికి కొలబద్దగా పెట్టుకోవడమే తప్పన్నారు. కాలాన్ని బట్టి, ఊరిని బట్టి శుక్రకణాల సంఖ్య విస్తృతంగా మారడం మామూలే కావచ్చు. 2017 నాటి పటంలో 'పాశ్చాత్య', 'ఇతర' అన్న రెండే గదుల్లో ప్రపంచాన్ని పెట్టడాన్ని వారు గట్టిగా విమర్శించారు. భారతీయుడినీ నైజీరియన్‌నూ బ్రెజిలియన్‌నూ ఒకే గదిలో వేసి గీత గీయడం మనకైనా నచ్చే పని కాదు. అయితే ఈ వాదంలో బలహీనత కూడా ఉంది. వైవిధ్యం మామూలే అంటే, ఏ తగ్గుదలను అనారోగ్యంగా గుర్తించాలో ఇది చెప్పదు.

ఒకరితో ఒకరిని పోల్చితే, సాక్ష్యాల విస్తృతిలో మొదటి వర్గం ముందుంది, కొలత మీద పట్టులో రెండోది, అడిగే ప్రశ్నలో మూడోది. నా అంచనాలో పశ్చిమ యూరప్‌లో కొంత తగ్గుదల నిజమే. 'సగానికి సగం' అన్న పరిమాణం మాత్రం నమ్మదగినంత గట్టిగా లేదు.

దోషులెవరు?

రసాయనం మగవారి సంతానశక్తిని దెబ్బతీయగలదన్నదాంట్లో సందేహమే లేదు. 1977లో కాలిఫోర్నియాలోని లేత్రోప్‌లో డీబీసీపీ అనే నులిపురుగుల మందు తయారుచేసే కర్మాగారంలో కార్మికులు తమలో తాము మాట్లాడుకుంటూ, తమలో ఎవరికీ పిల్లలు పుట్టడం లేదని గమనించారు. పరీక్షిస్తే చాలామందిలో శుక్రకణాలు లేవు, లేదా అతి తక్కువ. అమెరికా రెండేళ్లలో దాని వాడకాన్ని చాలావరకు నిషేధించింది. మన దగ్గర 1991లో ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్ర పరిశోధకులు పత్తి చేలలో పురుగుమందులు కొట్టే పురుషుల కుటుంబాలను పరిశీలించి, వారిలో సంతానలేమి, గర్భస్రావాలు ఎక్కువని చూపారు. 

చిక్కల్లా మోతాదులో ఉంది. మందు కొట్టే కూలీ ఒంటికి అంటేది వేరు, ప్లాస్టిక్ డబ్బాలో అన్నం తినే ఉద్యోగికి చేరేది వేరు. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్ల మీద స్వాన్ 2005లో చేసిన పరిశీలన ముఖ్యమైనది: గర్భవతిగా ఉన్నప్పుడు తల్లి మూత్రంలో కొన్ని థాలేట్లు ఎక్కువగా ఉన్న మగశిశువుల్లో మలద్వారానికీ జననాంగానికీ మధ్య దూరం తక్కువగా ఉంది. అది గర్భంలో మగ హార్మోన్ సరిగా పనిచేయలేదనడానికి సూచన. కానీ ఆ శిశువులు పెద్దయ్యాక ఎన్ని శుక్రకణాలతో ఉన్నారో తెలిస్తేనే గొలుసు పూర్తవుతుంది. 2024లో న్యూమెక్సికో పరిశోధకులు పరీక్షించిన 23 మానవ వృషణాలన్నిటిలో మైక్రోప్లాస్టిక్ కనిపించింది. అది శుక్రకణాలను తగ్గించిందా అన్నది ఆ భద్రపరిచిన నమూనాల్లో చూడటానికి వీలు కాలేదు. కుక్కల్లో మాత్రం పీవీసీ ప్లాస్టిక్ ఎక్కువగా ఉన్న వృషణాల్లో శుక్రకణాలు తక్కువగా ఉన్నాయి.

మన ఇళ్లలో ఎక్కువగా వినిపించే నిందితులు సెల్‌ఫోన్, బిగుతు లోదుస్తులు. స్విట్జర్లాండ్‌లో 2,886 మంది యువకుల మీద చేసి 2023లో అచ్చువేసిన అధ్యయనంలో రోజుకు ఇరవైసార్లకు పైగా ఫోన్ వాడేవారిలో సాంద్రత తక్కువగా ఉంది. కానీ ఫోన్‌ను ప్యాంటు జేబులో పెట్టుకోవడానికీ దానికీ సంబంధం కనిపించలేదు. తరంగాలే కారణమైతే జేబే ముందు చెప్పాలి. బిగుతు దుస్తుల సంగతి కాస్త నయం. 2018లో హార్వర్డ్ పరిశోధకులు సంతాన చికిత్సకు వచ్చిన 656 మందిలో వదులు దుస్తులవారికి సాంద్రత 25 శాతం ఎక్కువని చూపారు. మార్చుకోవడానికి ఖర్చు లేదు కాబట్టి ఆచరిస్తే నష్టమూ లేదు. పొగతాగడం, ఊబకాయం, కొలిమి దగ్గర పనిలాంటి నిత్యపు వేడి, వేరికోసిల్: వీటి పాత్ర మీద పెద్దగా పేచీ లేదు. ఆశ్చర్యమేమిటంటే, వాదన లేని ఈ కారణాల గురించి మాట్లాడేవారూ తక్కువే.

అంకెకూ సంతానానికీ దూరం

శుక్రకణాలు సగమైతే పిల్లలు సగమవుతారా? కారు. 1998లో అచ్చయిన డెన్మార్క్ అధ్యయనంలో మొదటి బిడ్డ కోసం ప్రయత్నిస్తున్న 430 జంటలను గమనించారు. మిల్లీలీటరుకు 4 కోట్ల దాకా శుక్రకణాలు పెరిగే కొద్దీ గర్భం నిలిచే అవకాశం పెరిగింది. ఆపైన ఎంత పెరిగినా ఒరిగింది లేదు. అంటే 10 కోట్ల నుంచి 5 కోట్లకు దిగిన సమాజంలో సగటు జంటకు తేడా పెద్దగా తెలియదు. కానీ గీతకు దగ్గరలో ఉన్నవారు మాత్రం కిందికి జారిపోతారు. 'ప్రమాదం లేదు' అనేవారూ 'మానవజాతి అంతం' అనేవారూ ఇద్దరూ వదిలేసేది ఈ అంచున ఉన్న మనుషులనే. 

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో 1.5 కోట్లు, 2021లో 1.6 కోట్లు అని పెట్టిన గీత కూడా అపార్థాలకు నెలవైంది. ఏడాదిలోపు తండ్రులైనవారిలో అట్టడుగు ఐదు శాతం ఎక్కడ ఉన్నారో ఆ గీత చెబుతుంది, అంతే. దాని కింద ఉన్నవాడు తండ్రి కాలేడని కాదు, పైన ఉన్నవాడికి హామీ ఉందని కాదు. ఆ లెక్కకు మూలమైన దేశాల్లో 2021లో ఇరాన్, ఈజిప్టు, చైనా చేరాయి కానీ భారత్ లేదు.

ఇంకో పొరపాటు, జననాల రేటు తగ్గడాన్ని దీనికి ముడిపెట్టడం. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.7, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. ఇక్కడ పిల్లలు తగ్గింది ఆపరేషన్ బల్ల మీద, సొంత నిర్ణయంతో. దానికి మగవారి వీర్యాన్ని తప్పుపట్టడం అన్యాయం.

మన లెక్క ఏది?

భారతీయ సమాచారం చిన్నది, ఒకదానితో ఒకటి పొసగనిది. ఢిల్లీలోని జాతీయ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ సంస్థలో 1990-2000 మధ్య 1,176 మందిని పరిశీలిస్తే తగ్గుదల లేదు. మణిపాల్‌లో 1993 నుంచి 2005 దాకా సంతానలేమితో వచ్చిన 7,770 మందిలో సగటు సాంద్రత 3.8 కోట్ల నుంచి 2.7 కోట్లకు దిగింది. రెండూ ఆసుపత్రికి వచ్చినవారి లెక్కలే. సంతాన కేంద్రాలు పెరిగే కొద్దీ ఎలాంటి వారు ఏ ఆసుపత్రికి వస్తారన్నది మారిపోతుంది. ఊళ్లో ఉండే మామూలు మగవాడి గురించి వీటినుంచి ఏమీ చెప్పలేం.

హైదరాబాద్ సీసీఎంబీ పని వేరే దారిలో విలువైనది. వీర్యంలో శుక్రకణాలే లేని 340 మంది భారతీయులను పరీక్షించి, సుమారు 8.5 శాతం మందిలో వై క్రోమోజోమ్ ముక్కలు లోపించడమే కారణమని 2003లో చూపారు. తండ్రి నుంచి కొడుక్కి వెళ్లే లోపం ఇది. 1992లోనే, కార్ల్‌సెన్ వ్యాసం వచ్చిన ఏడే, బ్రస్సెల్స్‌లో జాన్‌పియెరో పలెర్మో బృందం ఒక్క శుక్రకణాన్ని సూదితో అండంలోకి పంపే ఇక్సీ పద్ధతితో తొలి గర్భాలు సాధించింది. అప్పటి నుంచి కారణం తెలియకపోయినా బిడ్డ పుట్టవచ్చు. జంటలకు అది వరమే. కానీ కారణం వెతికే ఓపిక వైద్యరంగంలో ఆ మేరకు తగ్గింది.

తేలవలసినవి

కొన్ని ప్రశ్నలకు పాత అధ్యయనాలను ఎన్నిసార్లు కూడినా జవాబు రాదు. గర్భిణిగా ఉన్నప్పటి తల్లి రక్తపు నమూనా, ఇరవై ఏళ్ల తర్వాత కొడుకు వీర్య పరీక్ష రెండూ ఒకే చోట ఉంటే తప్ప గర్భస్థ వాదం నిలవదు, కూలదు. తక్కువ శుక్రకణాలున్న పురుషులు తొందరగా చనిపోతున్నారని డెన్మార్క్‌లో 43,277 మంది మీద 2009లో వచ్చిన అధ్యయనం చూపింది. సంతానంతో పనిలేకుండానే శుక్రకణాల లెక్క ఆరోగ్యానికి గుర్తు కావచ్చన్నది అందులోని సూచన. ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఇంకా తేలలేదు.

తెలుగు రాష్ట్రాల వరకూ తీర్పు చెప్పడం సులభం: తగ్గాయనీ చెప్పలేం, తగ్గలేదనీ చెప్పలేం, ఎందుకంటే మామూలు యువకులను ఒకే పద్ధతిలో ఏళ్ల తరబడి ఎవరూ కొలవలేదు. రెండు మూడు ప్రభుత్వ వైద్య కళాశాలల ల్యాబ్‌లకు ఒకే శిక్షణ, ఒకే ఛాంబర్ ఇచ్చి, ఏటా కొన్ని వందలమంది యువకులను పరీక్షిస్తే పదేళ్లలో లెక్క చేతికొస్తుంది. పత్తి, మిర్చి పండే ప్రాంతాల్లో ఒకటి, నగరంలో ఒకటి పెడితే మరీ మంచిది.

ఈలోగా చేతిలో రిపోర్టు పట్టుకుని కంగారుపడుతున్నవారికి రెండు మాటలు. ఒక్క పరీక్షతో నిర్ణయానికి రావద్దు, కొన్ని వారాలు ఆగి మళ్లీ చేయించుకోండి. వైద్యుడు చెప్పకుండా టెస్టోస్టెరాన్ జోలికి పోవద్దు. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం సందర్భాల్లో పురుషుడి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్షకు అయ్యే ఖర్చు వందల్లోనే. కోడలికి లాపరోస్కోపీకి తేదీ తీసుకునే ముందే కొడుకు ఆ పరీక్ష చేయించుకుని ఉండాలి.